సుత్తిని గైకొని కలశాన్ని విడిచినవారు

యంత్రానికీ మనిషికీ నడుమ జరిగే వ్యవహారాన్ని తీర్చిదిద్దే విద్య ఒకటి నేడు బహుళంగా ప్రచారంలో ఉన్నది. ఇంటరాక్షన్ డిజైన్ అని దానికి పేరు. ఫోన్ తెరమీద మీట ఏ మూల ఉండాలి, వేలు తాకిన క్షణంలో తెర ఏమని బదులు పలకాలి, మనిషి తడబడితే యంత్రం ఎట్లా సర్దుకోవాలి అనేవి ఆ విద్యకు విషయాలు. ఆస్తికులకు దీనితో ఏమి పని అని ఉపేక్షించే కాలం గడచిపోయింది. దర్శనానికి టిక్కెట్టు, అర్చనకు రుసుము, హుండీ కానుక, పంచాంగం, చివరకు జపసంఖ్య కూడా ఆ తెరమీదికే చేరాయి. తెరను రూపొందించేవారి మనస్సులో వస్తువును గురించి ఏ సిద్ధాంతం ఉన్నదో అదే మెల్లగా భక్తుని చేతిలోకి, చేతినుండి చిత్తంలోకి దిగుతుంది.

వారికి అటువంటి సిద్ధాంతం ఉన్నది. అది వర్తకులు అల్లుకొన్నది కాదు, తత్త్వశాస్త్రం నుండి తెచ్చుకొన్నది. తత్త్వం నుండి ప్రేరణ పొందడం దోషమని నేను అనను. పదార్థవిచారం ఏ కాలంలోనైనా శిల్పికి ఉపకరించేదే. సగం తెచ్చుకొని అదే పూర్ణమని చాటడం మాత్రం దోషం. జర్మనీ తత్త్వవేత్త ఒకాయన చెప్పిన సుత్తిని వీరు పట్టుకొనిపోయారు. అదే తత్త్వవేత్త తరువాత చెప్పిన కూజాను ఆయన గుమ్మంలోనే విడిచిపెట్టారు. ఆ కూజా మన కలశానికి దగ్గరి చుట్టం. అందువల్ల ఈ వాదానికి ఒక అర్చకుడు పూనుకోవలసి వచ్చింది.

ముందు పూర్వపక్షాన్ని ఉన్నదున్నట్లు చెప్పుకొందాం. ప్రతివాది మాటకు లేని అర్థం అంటగట్టి ఖండించడాన్ని నైయాయికులు ఛలమన్నారు. ఆ పని మనకు వద్దు.

మార్టిన్ హైడెగర్ 1927లో ఒక బృహద్గ్రంథం ప్రకటించాడు. సత్తా, కాలము అని దాని పేరును మనం చెప్పుకోవచ్చు. అందులో వడ్రంగి చేతిలోని సుత్తి దృష్టాంతం ఉన్నది. వడ్రంగి మేకు కొడుతున్నంతసేపూ సుత్తిని చూడడు, సుత్తిని గురించి తలచడు. అతని దృష్టి బల్లమీద, బల్ల వాడుకొనబోయే మనిషిమీద ఉంటుంది. సుత్తి అతని చేతిలో కరిగిపోయి ఉంటుంది. పిడి ఊడినప్పుడో, తల మరీ బరువని తోచినప్పుడో మాత్రమే సుత్తి ఒక వస్తువై ఎదుట నిలుస్తుంది. అంటే వస్తువుతో మనకుండే మొదటి సంబంధం ఉపయోగం, వస్తువును ఎదుట నిలిపి పరిశీలించడం తరువాతి అవస్థ. లోతైన మాట ఇది. (ఈ హైడెగర్ 1933లో నాజీ పక్షంలో చేరినవాడు. పురుషదోషం పురుషునిది. వాక్యం ప్రమాణానికి నిలుస్తుందా లేదా అన్నది వేరే విచారం.)

దీనిని యంత్రవిద్యకు మొదట గట్టిగా అన్వయించినవారు టెరీ వినోగ్రాడ్, ఫెర్నాండో ఫ్లోరెస్. వారి గ్రంథం 1986లో వచ్చింది. కంప్యూటర్ అంటే లోకానికి మనస్సులో బొమ్మ గీసుకొనే యంత్రమన్న భావన పొరపాటనీ, అది మనుష్యుల వ్యవహారంలో ఒక ఉపకరణమనీ, ఉపకరణానికి భంగం కలిగిన చోటనే దాని స్వరూపం బయటపడుతుందనీ వారన్నారు. ఆ భంగానికి వారిచ్చిన ప్రాధాన్యాన్ని పాఠకులు గుర్తుంచుకోవాలి. వారి వారసులు త్వరగా మరచిపోయినది దానినే. 1991లో జిరాక్స్ సంస్థ పరిశోధనశాలలోని మార్క్ వైజర్ సైంటిఫిక్ అమెరికన్ పత్రికలో ఒక వ్యాసం రాశాడు. మహత్తరమైన సాంకేతికత కనిపించకుండా పోతుందని అతని వాదం. చదువు వచ్చినవాడు వీధిపలక చూసినప్పుడు అక్షరాలను చూస్తున్నానని అనుకోడు, అర్థాన్నే చూస్తాడు. కంప్యూటర్ కూడా అట్లా దైనందిన జీవితంలో కలిసిపోవాలని అతని ఆశయం. హైడెగర్ పేరు ఆ వ్యాసంలోనే ఉన్నది.

అప్పటినుండి డిజైన్ పాఠశాలలలో ఇది దాదాపు విధివాక్యమైంది. మంచి పరికరం కనిపించకూడదు. మనిషికి ఆలోచించే పని పెట్టకూడదు. కోరికకూ ఫలానికీ నడుమ ఉన్న ప్రతి అడుగూ ఒరిపిడి, ఒరిపిడి అంతా తొలగించదగినదే.

ఇందులో సత్యాంశం ఎంతో చెబుతాను. ముప్పై ఏళ్ళకు పైగా ఉద్ధరిణి పట్టిన చేయి నాది. ఆచమనానికి మినపగింజ మునిగేటంత నీరు అరచేతిలో పడాలని శాస్త్రం. చెయ్యి గోకర్ణాకారంలో ముడుచుకోవాలి. కొత్తగా నేర్చే వటువు ఉద్ధరిణినీ అరచేతినీ మార్చి మార్చి చూసుకొంటాడు, నామాలు తప్పుతాడు. అలవడిన తరువాత ఉద్ధరిణి స్ఫురణకే రాదు, కేశవనామమే స్ఫురిస్తుంది. పరికరం చేతిలో లయించడం వలన చిత్తానికి అవకాశం కలిగింది. తలుపును నెట్టాలో లాగాలో తెలియక మనిషి తికమకపడితే తప్పు మనిషిది కాదు, తలుపు చేసినవాడిదని డొనాల్డ్ నార్మన్ 1988 నాటి తన పుస్తకంలో వాదించాడు. అదీ సత్యమే. మన సత్రాలలో కొళాయిలు చూసినవారెవరూ కాదనలేరు.

అయితే సుత్తి ఒక జాతి వస్తువు మాత్రమే. వస్తువులన్నీ సుత్తులే అనడానికి ప్రమాణమేది?

జపమాలను తీసుకొందాం. 108 పూసలు, వాటిపైన మేరువు. పూసలు వేలికింద జరుగుతూ ఉంటే సంఖ్య మీద మనస్సు పెట్టనక్కరలేదు. మాల లెక్కను తాను మోసి, మంత్రాన్ని మనస్సుకు విడిచిపెడుతుంది. హైడెగర్ సుత్తికి ఇంతకంటె చక్కని ఉదాహరణ దొరకదు. కాని 108వ పూస దాటగానే మేరువు వేలికి తగులుతుంది. మేరువును దాటరాదు. అక్కడ ఆగి, మాలను తిప్పుకొని, వచ్చిన దారినే మళ్ళీ సాగాలి. ఒక్క క్షణం మాల మాలగా ఎదుట నిలుస్తుంది. నీవు చేస్తున్నదేమిటో, మనస్సు ఎక్కడ తిరుగుతున్నదో చూసుకొమ్మంటుంది. 108 సార్లు అదృశ్యమై ఒకసారి దృశ్యమయ్యే ఈ వస్తువును కల్పించిన మహాత్ములెవరో మనకు తెలియదు. వారికి కనిపించకపోవడం విలువా తెలుసు, కనిపించడం విలువా తెలుసు.

ఇప్పుడు వేలికి తొడుక్కొని మీట నొక్కే జపసంఖ్యా యంత్రాన్ని చూడండి. అది నొక్కిన కొద్దీ పెరుగుతుంది, ఎక్కడా అడ్డు రాదు. వీధిలో నడుస్తూ, బస్సులో కబుర్లు వింటూ, నిద్రలోకి జారుతూ కూడా నొక్కవచ్చు. సుత్తి సిద్ధాంతం ప్రకారం అది మాలకంటె ఉత్తమమైన పరికరం. సాధకుని అనుభవం ప్రకారం అందులో మేరువు లేదు. మేరువు లేని మాల ఎన్ని వేలైనా లెక్కిస్తుంది, ఒక్కసారీ వెనక్కు తిప్పదు. ఫోన్‌లలోని జపయాప్‌లు ఇంకొక అడుగు ముందుకు వేశాయి. ఇన్ని దినాలు వరుసగా చేశారని మెచ్చుకొంటాయి, ఒక దినం తప్పితే వరుస తెగిందని బెదిరిస్తాయి. ఆ బెదిరింపుకు జంకి చేసే జపం ఎవరిని ఉద్దేశించిందో ఆ యాప్ చేసినవారే చెప్పాలి.

ఇక కూజా సంగతి. హైడెగర్ 1949లో బ్రేమెన్ నగరంలోనూ, 1950లో మ్యూనిక్ నగరంలోనూ వస్తువు అనే అంశం మీద ఉపన్యసించాడు. ఈసారి దృష్టాంతం సుత్తి కాదు, కూజా. కూజాలో ద్రవాన్ని నిలిపేది మట్టిగోడ కాదు, లోపలి శూన్యమే అన్నాడు. కుమ్మరి మలిచింది ఆ శూన్యాన్ని. కూజా కూజా అయ్యేది పోయడంలో. పోయడమంటే ఈవి. ఆ నీటిలో ఊట ఉన్నది, ఊటలో శిల ఉన్నది, ఆకాశం కురిసిన వాన ఉన్నది. పోసిన పానీయం మర్త్యుల దాహం తీరుస్తుంది, ఒక్కొక్కప్పుడు దేవతలకు ధారగా అర్పితమవుతుంది. కనుక భూమి, ఆకాశం, దేవతలు, మర్త్యులు అనే నలుగురూ కూజాలో కలుసుకొంటారని అతని సిద్ధాంతం. వస్తువంటే వాడుకలో లయమయ్యేది మాత్రమే కాదు, దూరస్థాలైన వాటిని ఒకచోట చేర్చేది కూడా అని అతడు చివరకు నిలుచున్న చోటు ఇది.

ఇది చదివిన వైదికునికి వేరే వ్యాఖ్యానం అక్కరలేదు. కలశస్థాపన చేసేటప్పుడు మనం చేస్తున్నదేమిటి? పాత్రకు సూత్రం చుడతాం, జలం నింపుతాం, నదులను పేరుపేరునా పిలుస్తాం, మామిడాకులు ఉంచుతాం, నారికేళం నిలుపుతాం, అటుపైన దేవతను ఆవాహన చేస్తాం. కలశం ఏ పనికీ ఉపకరణమై చేతిలో కరిగిపోదు. అది ఎదుట కూర్చుంటుంది. ఇంటిల్లిపాది దాని చుట్టూ కూర్చుంటారు. దాని ముందర కాలు చాపుకోకూడదని పసివాడికి కూడా తెలుస్తుంది. కార్యం ముగిసిన తరువాత ఉద్వాసన చెబుతాం. పాత్రను కదిలించి, ఆ జలాన్ని సంప్రోక్షిస్తాం. నిన్నటి కలశం నేడు మళ్ళీ వంటింటి చెంబు. రాగి అదే, శూన్యం అదే. రాకకూ పోకకూ మధ్య ఉన్న మర్యాద దానిని కలశం చేసింది.

సుత్తి సిద్ధాంతంతో దేవాలయంలోకి అడుగుపెట్టిన రూపకర్తకు ఈ భేదం కనిపించదు. ఘంట అతనికి శబ్దసంకేతం, హారతి ఒక కదిలే బొమ్మ, సంకల్పం ఒక దరఖాస్తు ఫారం. అన్నిటినీ ఒరిపిడి లేకుండా చేయాలని అతని సంకల్పం. ఘంట ఉన్నదే చెవికి అడ్డుపడడానికని అతనికి చెప్పినవారు లేరు. పవిత్రం ధరించిన వేలు ఏ పని చేసినా దర్భముడి తగులుతూనే ఉంటుంది. ఆ తగలడంలోనే నియతి ఉన్నది.

ఈ నియతి అనే మాటమీద కొంచెం నిలవాలి. వాదమంతా ఇక్కడనే తేలుతుంది.

అమెరికాలో స్థిరపడిన ఆల్బర్ట్ బోర్గ్‌మన్ అనే తత్త్వవేత్త 1984లో ప్రకటించిన గ్రంథంలో పొయ్యికీ వేడినిచ్చే యంత్రానికీ భేదం చూపాడు. పూర్వం శీతదేశపు ఇంటిలో అగ్గిపొయ్యి వెచ్చదనాన్ని మాత్రమే ఇవ్వలేదు. ఒకరు కట్టెలు కొట్టాలి, ఒకరు మంట రాజేయాలి, చీకటి పడితే అందరూ దాని దగ్గరికే చేరాలి. ఇప్పటి యంత్రం వెచ్చదనాన్ని మాత్రం వేరుచేసి అందిస్తుంది. ఫలం మిగిలింది, ఫలం చుట్టూ ఉన్న లోకం తొలగింది. ఈయన హైడెగర్ కూజాను విడవనివాడు. అయినా డిజైన్ పాఠశాలలలో సుత్తికి దొరికిన పీఠం ఈ పొయ్యికి దొరకలేదు.

బోర్గ్‌మన్ వ్యాకులపడి చెప్పినదానికి మన మీమాంసకులు ఏనాడో నిష్కర్షగా లక్షణం చెప్పి ఉంచారు. దర్శపూర్ణమాసాలలో పురోడాశానికి వడ్లు కావాలి, వడ్లకు పొట్టు పోవాలి. పొట్టు రోటిలో దంచినా పోతుంది, గోటితో ఒలిచినా పోతుంది. దంచమని వేదం విధించింది. పొట్టు పోవడం కంటికి కనబడే ప్రయోజనం, దానికి విధి అక్కరలేదు. దంచడమనే మార్గాన్నే పట్టుకొమ్మనడానికి విధి కావలసివచ్చింది. అది నియమవిధి. బియ్యం ఎట్లా వచ్చినా బియ్యమే కదా అనే లౌకికుడికి మీమాంసకుడు ఇచ్చే సమాధానం ఏమంటే, బియ్యం ఒకటే కావచ్చు, నియమం వల్ల కలిగే అపూర్వం ఒకటి కాదు. అది దంచినవాడికే ఉన్నది, ఒలిచినవాడికి లేదు.

ఇక్కడ మీమాంసకుని సూక్ష్మబుద్ధిని చూడాలి. శ్రమ ఉన్న చోటల్లా పుణ్యమున్నదని ఆయన అనలేదు. ఎక్కడ సాధనం దృష్టఫలానికి మాత్రమే ఉన్నదో అక్కడ సాధనాన్ని మార్చుకోవచ్చు. ఎక్కడ సాధనానికే నియమమున్నదో అక్కడ మార్చరాదు. ఈ ఒక్క వివేకం ఒరిపిడి తొలగించే విద్యకు లేదు. ఒరిపిడి అంతా ఒకే జాతి అని దాని భ్రమ.

కనుక నేను యంత్రాన్ని గుడి బయట నిలబెట్టమనడం లేదు. దర్శనానికి ఆరుగంటలు వరుసలో నిలబెట్టడానికి ఏ విధివాక్యమూ లేదు. వసతిగది కోసం తెల్లవారుజామున వృద్ధులు కిటికీ ముందు తోసుకోవడంలో ఏ అపూర్వమూ పుట్టదు. అవి గోటితో ఒలిచినా రోటిలో దంచినా ఒకటే అయిన పనులు. ఫోన్‌మీద ఒక్క తాకుడుతో అవి తీరితే ఆ రూపకర్తకు నా ఆశీస్సులు. రసీదు, రుసుము, ప్రసాదం అందే వేళ, దివ్యాంగులకు దారి, ఇవన్నీ సుత్తి రాజ్యం. అక్కడ సుత్తి నిశ్శబ్దంగా పనిచేయాలి.

సంకల్పం ఆ రాజ్యంలోనిది కాదు. సంకల్పంలో యజమాని తానున్న దేశాన్ని చెబుతాడు. శ్రీశైలానికి ఏ దిక్కున ఉన్నాడో, ఏ నదుల నడుమ ఉన్నాడో చెబుతాడు. అమెరికాకు వెళ్ళిన మన పురోహితులు ఆ భూఖండాన్నీ అక్కడి నదులనూ చేర్చి చెప్పుకొంటున్నారు, అది సముచితం. సంవత్సరం, అయనం, ఋతువు, మాసం, పక్షం, తిథి, వారం, నక్షత్రం చెబుతాడు. తన గోత్రం, తన పేరు చెబుతాడు. సమాచారం కోసమే అయితే ఈశ్వరునికి ఇవేవీ చెప్పనక్కరలేదు, ఆయన సర్వజ్ఞుడు. చెప్పుకోవలసింది యజమానికి. నేనెక్కడ ఉన్నాను, ఎప్పుడు ఉన్నాను, ఎవరి సంతతివాడను అని ఒకసారి తన నోటితో తాను పలకడమే అక్కడి క్రియ. ఆ పలుకును పోగొట్టి సమాచారాన్ని మిగిల్చితే పొయ్యి పోయి వెచ్చదనం మిగిలినట్లే.

ఒక దేవాలయానికి తయారైన యాప్‌ను నేను చూశాను. పేరు అప్రస్తుతం. అర్చనకు గోత్రం అడిగే గడి ఉన్నది. భక్తుడు ఖాళీగా విడిస్తే యంత్రమే కాశ్యపగోత్రమని నింపుకొని ముందుకు సాగుతుంది. గోత్రం తెలియనివారికి కాశ్యపగోత్రం చెప్పే ఆచారం మనకున్న మాట నిజం. కొన్ని ఆలయాలలో విష్ణుగోత్రమనో శివగోత్రమనో చెప్పడమూ ఉన్నది. రూపకర్త ఎవరినో అడిగి తెలుసుకొని శ్రద్ధగానే చేశాడు. కాని గర్భాలయం ముందు జరిగేది వేరు. గోత్రమేమి నాయనా అని అర్చకుడు అడుగుతాడు. ఇరవై రెండేళ్ళ కుర్రవాడు తెల్లబోతాడు. పక్కకు జరిగి ఫోన్ తీసి తల్లిని అడుగుతాడు. తల్లి చెబుతుంది, ఇంతవరకు తెలుసుకోనందుకు నాలుగు మాటలు అంటుంది, తాత పేరుతో సహా చెబుతుంది. వాడు సిగ్గుపడుతూ వచ్చి గోత్రం చెబుతాడు. నా అర్చకజీవితంలో ఈ దృశ్యం ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు. అడిగి కూడా తెలియకపోయినవారికే కాశ్యపం. వినోగ్రాడ్, ఫ్లోరెస్ చెప్పిన భంగమంటే ఇదే. వ్యవహారం ఆగిన చోట కప్పబడి ఉన్న సంబంధమొకటి బయటపడింది. యాప్ ఆ ఆగడాన్ని తీసివేసింది. అర్చన జరిగింది, రసీదు వచ్చింది, కుర్రవాడికి గోత్రం తెలియలేదు, తల్లికి ఫోన్ వెళ్ళలేదు.

ఇదంతా దక్షిణ పోతుందన్న భయమని అనేవారుంటారు. అర్చకుని జీవనం అతని వాదానికి హేతువూ కాదు, హేత్వాభాసమూ కాదు. వాదంలో దోషముంటే చూపవచ్చు. ఇంకొందరు దూరదేశస్థుల సంగతి, మంచం దిగలేనివారి సంగతి ఎత్తుతారు. వారి ప్రశ్న గౌరవింపదగినది. 2020లో ఆలయాలు భక్తులకు మూతపడిన దినాలలో పరోక్షసేవలు పెరిగాయి. అప్పుడు వివేకం గల ఆలయాలు సేవను తెరమీద చూపుతూ, సంకల్పసమయంలో ఎవరి గోత్రనామాలు వారు ఇంటిదగ్గర పలకండని కోరాయి. అది దూరాన్ని మాత్రం తొలగించింది, పలుకును తొలగించలేదు. శక్తి లేనివానికి మానసపూజ మన శాస్త్రంలోనే ఉన్నది. మానసపూజ బాహ్యపూజకంటె సులభం కాదు, దుష్కరం. అక్కడ ప్రతి ఉపచారాన్నీ మనస్సే నిర్మించుకోవాలి. తెరమీద పూలు వాటంతట అవే రాలే అర్చనను మానసపూజతో పోల్చేవారు ఒకసారి కన్నులు మూసి పదహారు ఉపచారాలు వరుస తప్పకుండా చేసి చూడగలరు.

ఈ మధ్య సుత్తిని కూడా దాటి వేరొక మతం డిజైన్ లోకంలో ఆదరం పొందుతున్నది. గ్రాహమ్ హార్మన్ 2002 నాటి గ్రంథంలో హైడెగర్ సుత్తిని ఆధారం చేసుకొనే ఒక కొత్త వస్తువాదం చెప్పాడు. ప్రతి వస్తువూ మనకే కాక ఇతర వస్తువులకు కూడా అందకుండా తనలోకి తాను ఉపసంహరించుకొని ఉంటుందని అతని పక్షం. కళాకారులకు, రూపకర్తలకు ఇది ముచ్చటగా తోచింది. వస్తువు కోణం నుండి చూసి రూపకల్పన చేద్దామంటున్నారు. నైయాయికుడు దీనికి తల ఊపలేడు. పదార్థమన్న మాటలోనే పదం చేత చెప్పదగినదన్న అర్థమున్నది. ఉన్నదంతా జ్ఞేయం, ఉన్నదంతా అభిధేయం. ఎవరికీ ఏవిధంగానూ అందని వస్తువును గురించి అందదు అని చెప్పడమైనా ఎట్లా కుదిరింది? మనుష్యుడే ప్రపంచానికి కేంద్రం కాడన్న వినయం మెచ్చదగినదే. ఆ వినయానికి ఇంత అజ్ఞేయం అవసరం లేదు.

ఇక మనవారికి ఒక మాట. పరమతఖండన వింటూ సంతోషిస్తున్న పాఠకులు ఇక్కడ కొంచెం ఓర్చుకోవాలి. వైశేషికుల ద్రవ్య గుణ కర్మలనే పాశ్చాత్యులు కంప్యూటర్ భాషలలో ఆబ్జెక్టులు చేసుకొన్నారనీ, సామాన్యమే క్లాసు అయిందనీ సభలలో చెప్పి చప్పట్లు అందుకొనేవారు పెరిగారు. ప్రోగ్రామర్ తన అవసరం కొద్దీ ఏర్పరచుకొనే వర్గం జాతి కాదు, మహా అయితే ఉపాధి. అనేక వ్యక్తులలో ఉన్న ప్రతి సమానధర్మమూ జాతి కాజాలదని చూపడానికే ఉదయనాచార్యులు జాతిబాధకాలను ఆరింటిని పరిగణించారు. తర్కసంగ్రహం చదివే బాలుడికి కూడా ఈ జాగ్రత్త నేర్పుతారు. ఆ గ్రంథకర్త అన్నంభట్టు మన ఆంధ్రుడేనని చెప్పుకొని గర్వించేవారు ఆయన పుస్తకం తెరిచి చూడడం మరింత బాగుంటుంది. అట్లాగే 1985లో రిక్ బ్రిగ్స్ రాసిన వ్యాసం. శాస్త్రజ్ఞుల శాబ్దబోధప్రక్రియకూ కృత్రిమమేధలోని అర్థజాలాలకూ గల పోలికను ఆయన చూపాడు. సంస్కృతమే కంప్యూటర్‌కు ఉత్తమమైన భాష అని నాసా ప్రకటించిందన్నది మనవారు దానికి తొడిగిన తొడుగు. సుత్తిని మాత్రం తీసుకొన్న పాశ్చాత్యుడికీ, పేరును మాత్రం తీసుకొన్న స్వదేశీయుడికీ దోషం ఒకటే.

నిజంగా పదార్థశాస్త్రం నుండి తెర చేసేవారు గ్రహించదగినదేమైనా ఉన్నదా అంటే ఉన్నది. అది ఏడవ పదార్థం, అభావం. ద్రవ్యాది ఆరూ భావపదార్థాలు. ఏడవదైన అభావాన్ని కూడా పదార్థంగా గణించడం మనవారి విశేషం. అభావం ఉత్త శూన్యం కాదు. దేని అభావమో అది ప్రతియోగి, ఎక్కడ అభావమో అది అధికరణం. నేలమీద కుండ లేదు అన్నప్పుడు కుండ ప్రతియోగి, నేల అధికరణం. ఈ రెండూ చెప్పకుండా ఊరకే లేదు అంటే ఆ వాక్యం ఏమీ తెలుపదు. పైగా అభావం నాలుగు విధాలు. కుండ ఇంకా పుట్టలేదు, అది ప్రాగభావం. కుండ పగిలిపోయింది, అది ధ్వంసం. గాలిలో రూపం ఏనాడూ లేదు, అది అత్యంతాభావం. కుండ వస్త్రం కాదు, అది అన్యోన్యాభావం.

మా ఊరి వృద్ధురాలు ఒకామె కుమారుని పేర సుప్రభాతసేవకు తెరమీద డబ్బు కట్టించుకొన్నది. మరునాడు చూస్తే వివరాలు లేవు అని మాత్రం కనబడింది. ఆమె నా దగ్గరికి వచ్చి, స్వామి నా సేవ వద్దన్నాడా పంతులుగారూ అని కంట నీరు పెట్టుకొన్నది. లేవు అంటే ఏ లేమి? బ్యాంకు నుండి డబ్బు ఇంకా చేరలేదా? అయితే ప్రాగభావం, వేచి ఉంటే చాలు. చేరిన తరువాత రద్దయిందా? అయితే ధ్వంసం, సొమ్ము వెనక్కు రావాలి. ఆ తేదీన ఆ సేవే లేదా? అయితే అత్యంతాభావం, వేరొక తేదీ చూసుకోవాలి. ఆమె చూస్తున్నది వేరొకరి ఖాతానా? అయితే అన్యోన్యాభావం, సరియైన సంఖ్యతో తెరవాలి. నాలుగింటికీ ఆమె చేయవలసిన పని వేరు, కలగవలసిన చిత్తవృత్తి వేరు. తెర నాలుగింటినీ ఒకే మాటలో కుదించి, ప్రతియోగి చెప్పక, అధికరణం చెప్పక, భారమంతా ఆమె గుండెమీద వేసింది. చివరకు అది మొదటిదేనని, డబ్బు ఇంకా చేరలేదని తేలింది. ప్రతి ఖాళీ తెరకూ ఇది ఏ అభావం, దేని అభావం, ఎక్కడి అభావం అని మూడు ప్రశ్నలు వేసుకొనే రూపకర్త కనబడితే నేను వానికి సంతోషంగా తర్కసంగ్రహం పాఠం చెబుతాను. హైడెగర్ చదివి ఉండనక్కరలేదు.

ఆవాహనం, ఉద్వాసనం అనే జంట కూడా అటువంటిదే. మన ప్రతి క్రియకూ ఆది ఉన్నది, అంతమున్నది. పిలిచిన దేవతను యథాస్థానానికి సాగనంపుతాం. తెరమీద భక్తివీడియోలు ఒకదాని తోక పట్టుకొని ఒకటి అంతులేకుండా వస్తూనే ఉంటాయి. ఎక్కడా ఉద్వాసన లేదు. అర్ధరాత్రి వరకు దేవుని బొమ్మలే చూశానని చెప్పే సాధకుడు పొద్దున్నే సంధ్యకు లేవలేకపోయానని కూడా చెబుతాడు.

దేవాలయ నిర్వాహకులకు, వారి యాప్‌లు తయారుచేసే యువకులకు నా విన్నపం స్వల్పం. టిక్కెట్టు, రుసుము, వసతి ఎంత వేగంగా చేయగలరో అంత వేగంగా చేయండి. సంకల్పం దగ్గరికి వచ్చినప్పుడు తెరను నిలపండి. దేశకాలాలు అక్షరాలలో చూపి, భక్తుణ్ణి పైకి చదవమనండి. జపసంఖ్య పెడితే 108 దగ్గర మేరువును పెట్టండి, అక్కడ మీట కొంతసేపు పలకకుండా ఉండనివ్వండి. గోత్రం గడిలో ముందుగా ఏ పేరూ నింపి ఉంచవద్దు. ఖాళీగా వదిలినవానికి, ఇంట్లో పెద్దలను ఒకసారి అడిగి రండి, మేము వేచి ఉంటాం అని ఒక మాట చూపండి. అడిగినా తెలియలేదని అతడే చెప్పిన తరువాత కాశ్యపగోత్రం అతని చేతనే పలికించండి.